పోలీసు కొలువుకు దరఖాస్తు నుంచి నియామక పత్రం దాకా: తిరుపతి, చిత్తూరు అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

తిరుపతి తారకరామ స్టేడియంలోనూ, చిత్తూరు మెసానికల్ మైదానంలోనూ తెల్లవారుజామున పరుగు తీసేవారిలో పోలీసు ఉద్యోగార్థులు చాలామంది ఉంటారు. పగలంతా కోచింగ్ సెంటర్లో అంకగణితం, రీజనింగ్ అభ్యాసం చేస్తారు. ఈ రెండింటికీ పెట్టే శ్రమలో కొద్దిపాటి భాగమైనా నియామక నిబంధనలు చదవడానికి పెట్టేవారు మాత్రం అరుదు. పరుగులో నెగ్గి, రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, చివరికి ఒక స్టడీ సర్టిఫికెట్ దగ్గరో, పాత కేసుల వివరాలు అడిగే అటెస్టేషన్ ఫారంలోని ఒక గడి దగ్గరో ఆగిపోవడం కన్నా బాధాకరమైనది ఈ ప్రయాణంలో మరొకటి లేదు. అందుకే ఈ మార్గదర్శిలో నిబంధనలకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఇక్కడ చెప్పిన అంకెలు 2022 నవంబరులో వెలువడిన ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లను ఆధారం చేసుకున్నవి. మీరు దరఖాస్తు చేసే నాటి నోటిఫికేషన్లో మార్పు ఉంటే ఆ మార్పే మీకు వర్తిస్తుంది.

ముందుగా: మిమ్మల్ని ఎంపిక చేసేది ఎవరు, నియమించేది ఎవరు

పోలీసు అనే అంశం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉంది. కాబట్టి కానిస్టేబుల్, ఎస్సై పోస్టుల అర్హతలను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే. ఈ పోస్టులకు పరీక్షలు నిర్వహించేది రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి. డీఎస్పీ పోస్టులకు నేరుగా వెళ్లదలచినవారు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్-1 రాయాలి. ఐపీఎస్‌కు యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష ఉంది. ఆ రెండు దారులూ వేరు కనుక ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు.

నియామక మండలి పని ఎంపికతో ముగుస్తుంది. నియామక ఉత్తర్వు ఇచ్చే అధికారం కానిస్టేబుల్ విషయంలో జిల్లా ఎస్పీకి, ఎస్సై విషయంలో రేంజ్ డీఐజీకి ఉంటుంది. ఈ తేడా కాగితాల మీది లాంఛనంలా కనిపించినా దానికి రాజ్యాంగ ప్రాధాన్యం ఉంది. నియమించిన అధికారి కన్నా దిగువ స్థాయి అధికారి ఎవరూ ఆ ఉద్యోగిని తొలగించకూడదని 311వ అధికరణం చెబుతుంది. అందువల్ల ఎంపిక జాబితాలో పేరు రావడం, నియామక ఉత్తర్వు చేతికి రావడం రెండు వేర్వేరు విషయాలని మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవాలి. ఆ రెండింటి మధ్య వైద్య పరీక్ష, పూర్వాపరాల విచారణ ఉంటాయి.

ఈ నియామకాలకు మూలాధారం 1999లో హోంశాఖ జారీ చేసిన రెండు జీవోలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు (సివిల్) సబార్డినేట్ సర్వీసు నిబంధనలు జీవో ఎంఎస్ నంబరు 315లో ఉన్నాయి. శిక్షణ కాలానికి సంబంధించిన స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీ నిబంధనలు జీవో ఎంఎస్ నంబరు 374లో ఉన్నాయి. నోటిఫికేషన్లో ఏదైనా వాక్యం అర్థం కాకపోతే వాట్సాప్ గ్రూపుల్లో అడగడం కన్నా ఈ జీవోలను తెచ్చుకుని చదవడం మంచిది.

ఏ పోస్టుకు వెళ్తున్నారో తేల్చుకోండి

2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ 6,100 పోస్టులకు వచ్చింది. అందులో 3,580 సివిల్, 2,520 ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు బెటాలియన్లు). ఎస్సై నోటిఫికేషన్లోని 411 పోస్టుల్లో 315 సివిల్ ఎస్సై, 96 ఏపీఎస్పీ రిజర్వు ఎస్సై. సివిల్ పోస్టులకు స్త్రీ పురుషులిద్దరూ అర్హులు, ఏపీఎస్పీ పోస్టులు పురుషులకే.

సివిల్ కానిస్టేబుల్ పోలీసు స్టేషన్లో పనిచేస్తాడు. ఫిర్యాదులు, బీట్లు, సమన్లు, కోర్టు పనులు, తిరుపతి లాంటి ఊరైతే వీటన్నిటికీ తోడు ఏడాది పొడవునా యాత్రికుల బందోబస్తు ఉంటుంది. ఏపీఎస్పీ బెటాలియన్‌లో పనిచేసేవారు పిలుపు వచ్చిన జిల్లాకల్లా వెళ్లాలి. మన దగ్గరలో ఉన్న వెంకటగిరి తొమ్మిదో బెటాలియన్‌లో చేరినా, ఇల్లు దగ్గర కదా అని పొరపడకూడదు. ఎన్నికలు, ఉత్సవాలు, అల్లర్లు ఎక్కడుంటే అక్కడికి కంపెనీలు కదులుతాయి. ఈ రెండు పోస్టుల ఎంపిక పద్ధతి కూడా ఒకటి కాదు. సివిల్‌లో దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కితే చాలు, దానికి మార్కులు ఉండవు. ఏపీఎస్పీలో 200 మార్కులకు గాను 100 మార్కులు ఆ పరీక్షవే. మీ బలం చదువా, పరుగా అన్నది నిజాయతీగా చూసుకుని ప్రాధాన్యం ఇచ్చుకోండి.

చదువు, వయసు

కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్ లేదా తత్సమాన పరీక్ష ఉత్తీర్ణత కావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఉంది. పదో తరగతి పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలకు హాజరైతే సరిపోతుంది. ఎస్సైకి ఏదైనా డిగ్రీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలు ఇంటర్ పాసై డిగ్రీ చదివి ఉంటే అర్హులే. ఈ సడలింపు సంగతి తెలియక దరఖాస్తే చేయనివారు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. మీ ఇంటి చుట్టుపక్కల అలాంటివారు ఎవరైనా ఉంటే చెప్పండి.

వయసును నోటిఫికేషన్లో ఇచ్చిన తేదీకి లెక్కిస్తారు. 2022లో అది జూలై 1. ఆనాటికి కానిస్టేబుల్ అభ్యర్థికి 18 ఏళ్లు నిండి, 24 నిండకుండా ఉండాలన్నారు. ఎస్సైకి 21 నుంచి 27. ఆ తరువాత ప్రభుత్వం ఆ ఒక్క నియామకానికి మాత్రం గరిష్ఠ వయసులో అదనంగా 2 ఏళ్లు సడలించింది. అలాంటి సడలింపు ప్రతిసారీ వస్తుందని ఆశ పెట్టుకుని ప్రణాళిక వేసుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు మామూలుగా 5 ఏళ్ల సడలింపు వర్తిస్తుంది. హోంగార్డులకు ప్రత్యేక వాటాతో పాటు 30 ఏళ్ల వరకు అవకాశం ఇచ్చారు. మాజీ సైనికులకు సర్వీసు కాలాన్ని బట్టి వేరే లెక్క ఉంది. పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్నదే ప్రమాణం. ఆధార్‌లో మరో తేదీ ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

స్థానికత: ఎక్కువమంది తడబడే చోటు

ఉద్యోగాల్లో స్థానికుల వాటాను నిర్ణయించే రాష్ట్రపతి ఉత్తర్వు 1975లో వచ్చింది. దాని ప్రకారం కానిస్టేబుల్ పోస్టు జిల్లా కేడర్, ఎస్సై పోస్టు జోన్ (కొన్ని జిల్లాల సమూహం) కేడర్. 2022 నియామకాల్లో కానిస్టేబుల్ పోస్టుల్లో 80 శాతం, ఎస్సై పోస్టుల్లో 70 శాతం స్థానికులకు ఉంచారు. మిగిలిన భాగం ఓపెన్. అందులో స్థానికులు, స్థానికేతరులు మార్కుల ప్రకారం పోటీపడతారు. కాబట్టి మీరు ఏ జిల్లాకు స్థానికులన్నది మీకు అందుబాటులో ఉండే పోస్టుల సంఖ్యనే మార్చేస్తుంది.

ఇప్పుడు ఎక్కడ కాపురం ఉంటున్నారన్నదానితో స్థానికత రాదు. తిరుపతిలో సొంత ఇల్లు, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఉన్నా చిన్నప్పటి చదువు మరో జిల్లాలో సాగితే మీరు ఆ జిల్లావారే. లెక్క ఇలా సాగుతుంది. పదో తరగతి పరీక్షకు మొదటిసారి హాజరైన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే సాధారణంగా 7 నుంచి 10వ తరగతి వరకు, ఒకే జిల్లా పరిధిలో చదివి ఉంటే ఆ జిల్లా మీ స్థానిక ప్రాంతం. ఆ నాలుగేళ్లలో బడికి వెళ్లకుండా ప్రైవేటుగా రాసినవారికి అదే కాలంలో నివాసాన్ని చూస్తారు. నాలుగేళ్లూ ఒకే చోట కుదరకపోతే వరుసగా ఏడేళ్లు, అంటే 4 నుంచి 10వ తరగతి వరకు తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో ఆ ప్రాంతాన్ని ఖాయం చేస్తారు. రెండు చోట్లా సమానంగా ఉంటే చివరగా చదివిన చోటు నిలుస్తుంది.

మన ప్రాంతానికి ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది జిల్లాల పునర్విభజన. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత చిత్తూరు జిల్లా భాగాలతో పాటు, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు కూడా అందులో చేరాయి. 1975 ఉత్తర్వులో చిత్తూరు నాలుగో జోన్‌లో కడప, అనంతపురం, కర్నూలుతో కలిసి ఉంటే, నెల్లూరు మూడో జోన్‌లో గుంటూరు, ప్రకాశంతో కలిసి ఉంది. అంటే ఆ ఉత్తర్వు లెక్కన శ్రీకాళహస్తిలో చదివిన అభ్యర్థి, సూళ్లూరుపేటలో చదివిన అభ్యర్థి నేడు ఒకే జిల్లావారైనా వేర్వేరు జోన్లకు స్థానికులు. కాబట్టి నోటిఫికేషన్ తెరవగానే ఖాళీల పట్టిక కన్నా ముందు, అందులో జిల్లాలను పాత హద్దులతో లెక్కించారా, కొత్త హద్దులతోనా అన్న పేరా వెతకండి. దరఖాస్తులో ఆ పేరా ప్రకారమే జిల్లా పేరు ఎంచుకోవాలి.

రెండోది సరిహద్దు చదువులు. నగరి వైపు పిల్లలు తిరుత్తణిలో, చిత్తూరు వైపు వాళ్లు వేలూరు, కాట్పాడిలో, పలమనేరు, కుప్పం వైపు వాళ్లు కర్ణాటకలో హైస్కూలు చదవడం కొత్త కాదు. ఆ కీలకమైన నాలుగేళ్లు పక్క రాష్ట్రంలో గడిస్తే స్థానిక వాటా చేజారే ప్రమాదం ఉంది. ఏడో తరగతికి పిల్లలను పక్క రాష్ట్రంలో చేర్చే తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పేవారు ఎవరూ ఉండరు. అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను.

స్టడీ సర్టిఫికెట్లను నోటిఫికేషన్ వచ్చాక కాక ఇప్పుడే తెచ్చుకోండి. 4 నుంచి 10వ తరగతి వరకు చదివిన ప్రతి బడి నుంచీ, ఏ సంవత్సరం ఏ తరగతి చదివారో స్పష్టంగా రాయించి, ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్ర వేయించుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడుల రికార్డుల కోసం మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగాలి. అక్కడ వెతకడానికి రోజులు పడతాయి.

రిజర్వేషన్లు, వాటి పత్రాలు

ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీల ఐదు ఉపవర్గాలకు కలిపి 29, ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం అన్నది రాష్ట్రంలో కుల, ఆర్థిక వర్గాల వారీ (నిలువు) రిజర్వేషన్ల చట్రం. సివిల్ పోస్టుల్లో ప్రతి వర్గంలోనూ మూడో వంతు మహిళలది. 2025లో ఎస్సీ ఉపవర్గీకరణ అమలులోకి వచ్చింది. 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాల మూడు గ్రూపులుగా విభజించారు. కనుక పాత కుల ధ్రువీకరణ పత్రం ఉన్న ఎస్సీ అభ్యర్థులు తమ ఉపకులం అందులో సరిగా నమోదైందో లేదో చూసుకోవాలి.

బీసీలకు కుల పత్రంతో పాటు, సంపన్న శ్రేణికి చెందరని చెప్పే నాన్ క్రీమీలేయర్ పత్రం కూడా కావాలి. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి ఆర్థిక సంవత్సరంతో ముడి ఉంటుంది, పోయిన ఏడాదిది పనికిరాదు. ఇవన్నీ గ్రామ, వార్డు సచివాలయం లేదా మీసేవ ద్వారా దరఖాస్తు చేస్తే తహశీల్దారు కార్యాలయం నుంచి వస్తాయి. ఎన్‌సీసీ, క్రీడలు, పోలీసు సిబ్బంది పిల్లల కోటాల్లో దేనినైనా కోరితే, దరఖాస్తులోనే దాన్ని గుర్తించాలి. తరువాత చేర్చమని అడిగితే కుదరదు.

దరఖాస్తు, ప్రాథమిక పరీక్ష

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. 2022లో కానిస్టేబుల్ రుసుము ఓసీ, బీసీలకు 300 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 150. ఎస్సైకి 600, 300. నెట్ సెంటర్లో నింపించేవారు కనీసం సమర్పించే ముందైనా పక్కన కూర్చుని పేరు, పుట్టిన తేదీ, కులం, స్థానిక జిల్లా, పోస్టుల ప్రాధాన్య క్రమం అక్షరం అక్షరం చూసుకోవాలి. ఆ నెట్ సెంటర్ వారి ఫోన్ నంబరు, ఈమెయిల్ పెట్టనివ్వకండి. మండలి సమాచారమంతా వాటికే వస్తుంది, ఈ ప్రక్రియ ఏళ్ల తరబడి సాగవచ్చు.

ఎంతకాలం సాగుతుందో 2022 నోటిఫికేషనే చెబుతుంది. కానిస్టేబుల్ ప్రాథమిక పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదట శాసనమండలి ఎన్నికలకు వాయిదా పడి, తరువాత కోర్టు వ్యాజ్యాల నడుమ ఆగిపోయి, 2024 డిసెంబరు చివరలో మొదలయ్యాయి. తుది రాత పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. దరఖాస్తు చేసిన నాడు ఇరవై ఏళ్లున్న అభ్యర్థికి ఫలితం వచ్చేసరికి ఇరవై రెండు దాటాయి. కాబట్టి డిగ్రీ చదువునో చేస్తున్న ఉద్యోగాన్నో వదిలేసి ఈ ఒక్క నియామకం మీదే కూర్చోవద్దని ప్రతి కుటుంబానికీ నా మనవి.

కానిస్టేబుల్ ప్రాథమిక పరీక్ష 200 ప్రశ్నలు, 200 మార్కులు, 3 గంటలు. అర్హతకు ఓసీలకు 40, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులకు 30 శాతం మార్కులు రావాలి. ఎస్సైకి రెండు పేపర్లుంటాయి, ఒకటి అంకగణితం, రీజనింగ్, మరొకటి జనరల్ స్టడీస్. రెండింటిలోనూ విడివిడిగా అర్హత సాధించాలి. ఈ మార్కులు తుది ఎంపికలో కలవవు.

ప్రాథమిక పరీక్ష దాటినవారు రెండో దశ దరఖాస్తు నింపి ధ్రువపత్రాలు అప్‌లోడ్ చేయాలి. గత నియామకంలో దీనికి 2024 నవంబరులో గడువు ఇచ్చారు. ప్రిలిమ్స్‌కూ దీనికీ మధ్య దాదాపు రెండేళ్లు గడవడంతో ఫోన్ నంబర్లు మారిపోయినవారు ఈ గడువును గమనించకపోయే ప్రమాదం ఉంది. మండలి వెబ్‌సైట్‌ను నెలకోసారైనా చూసే అలవాటు పెట్టుకోండి.

కొలతలు, ఈవెంట్లు

పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు విస్తరించాలి. మహిళలకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలకు తగ్గరాదు. శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి వరకు ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీలకు ఈ కొలతల్లో సడలింపు ఉంది. దాన్ని ఆ అయిదు పాత జిల్లాల పేర్లతోనే చెప్పారు కనుక మన మైదాన ప్రాంతపు ఎస్టీ అభ్యర్థులు తమకూ వర్తిస్తుందని అనుకోకూడదు.

కోచింగ్ ఫీజు కట్టడానికి ముందే, ప్రభుత్వ ఆసుపత్రిలోనో నమ్మకమైన చోటో చెప్పులు లేకుండా ఎత్తు కొలిపించుకోండి. ఎత్తు చాలని పిల్లల దగ్గర కూడా ఫీజు వసూలు చేసి, వ్యాయామంతో పెరుగుతుందని ఆశపెట్టే కేంద్రాలు ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటాక ఆ ఆశకు ఆధారం లేదు. ఛాతీ విస్తరణ సంగతి వేరు, అది క్రమం తప్పని శ్వాస సాధనతో మెరుగుపడుతుంది.

సివిల్ పోస్టులకు 1,600 మీటర్ల పరుగు తప్పనిసరి. 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకటి నెగ్గితే చాలు. 1,600 మీటర్లు పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో, మాజీ సైనికులు 9 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 100 మీటర్లకు పురుషులకు 15, మహిళలకు 18, మాజీ సైనికులకు 16.5 సెకన్లు. లాంగ్ జంప్‌లో పురుషులు 3.80 మీటర్లు, మాజీ సైనికులు 3.65, మహిళలు 2.75 మీటర్లు దూకాలి. ఏపీఎస్పీకి మూడూ చేయాలి. 1,600 మీటర్లకు 40, మిగిలిన రెండింటికి 30 చొప్పున మార్కులుంటాయి.

400 మీటర్ల ట్రాక్ మీద 1,600 మీటర్లంటే నాలుగు చుట్లు. పురుషులు చుట్టుకు 2 నిమిషాలు మించకుండా చూసుకోవాలి. మొదటి చుట్టు ఉత్సాహంలో ఒకటిన్నర నిమిషంలో ముగించి, మూడో చుట్టులో కుప్పకూలడం ప్రతి మైదానంలోనూ కనిపించే దృశ్యం. వాచీ పెట్టుకుని నాలుగు చుట్లూ సమానంగా పరుగెత్తడం సాధన చేయండి. తిరుపతి కుర్రాళ్లు కొందరు అలిపిరి మెట్లు పరుగున ఎక్కి అదే సాధన అనుకుంటారు. మెట్లెక్కడంతో ఊపిరి, కాళ్ల బలం పెరగవచ్చు గానీ, చదును నేల మీద సమయాన్ని పట్టుకునే నేర్పు దానితో రాదు. పైగా భక్తులు నడిచే దారిలో పరుగు వాళ్లకూ మీకూ ప్రమాదకరం.

తుది రాత పరీక్ష

సివిల్ కానిస్టేబుల్‌కు అసలైన పోటీ ఇక్కడే. 200 మార్కుల ఈ ఒక్క పేపరే ర్యాంకు నిర్ణయిస్తుంది. ఇంగ్లిషు, అంకగణితం, జనరల్ సైన్స్, భారతదేశ చరిత్ర, జాతీయోద్యమం, భూగోళం, పాలనా వ్యవస్థ, ఆర్థికం, వర్తమాన అంశాలు, రీజనింగ్ ఇందులో ఉంటాయి. ఈవెంట్లకు అర్హత చాలు కాబట్టి, 8 నిమిషాల పరుగు 7 నిమిషాల్లో వచ్చేసిన సివిల్ అభ్యర్థి ఆ తరువాతి సమయాన్ని పుస్తకాలకు ఇవ్వడమే న్యాయం. ఎస్సై అభ్యర్థులకు ఇంగ్లిషు, తెలుగు పేపర్లు 100 మార్కుల చొప్పున అర్హతకు మాత్రమే. అంకగణితం, జనరల్ స్టడీస్ 200 చొప్పున ర్యాంకుకు లెక్కిస్తారు. అర్హత పేపర్లే కదా అని భాషలను నిర్లక్ష్యం చేయకండి. ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగులో ఒక పేరా తప్పుల్లేకుండా రాయలేనివారికి ఆ పేపరు గండమే.

వైద్య పరీక్ష, అటెస్టేషన్ ఫారం

కంటి చూపు రెండు కళ్లకూ దూరానికి 6/6 ఉండాలి. వర్ణాంధత్వం, మెల్లకన్ను ఉంటే అనర్హత. చదునైన అరికాళ్లు, మోకాళ్లు రాసుకోవడం, ఉబ్బిన సిరలు, వినికిడి లోపం కూడా చూస్తారు. వీటిలో కొన్ని ముందే తెలిస్తే చికిత్సకు సమయం ఉంటుంది. వర్ణాంధత్వం లాంటివి తెలిస్తే వేరే ఉద్యోగం వైపు వెళ్లడానికి సమయం ఉంటుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో గానీ, మీ జిల్లా ఆసుపత్రిలో గానీ మొదటి ఏడాదే పరీక్ష చేయించుకోండి.

ఎంపికైనవారి చేతికి తరువాత వచ్చేది అటెస్టేషన్ ఫారం. అరెస్టయ్యారా, కేసు నమోదైందా, కోర్టులో విచారణ జరిగిందా, శిక్ష పడిందా, కేసు కొట్టేశారా అని అందులో విడివిడిగా అడుగుతారు. ఊళ్లో జాతరప్పుడో, పశువుల పండుగప్పుడో, ఎన్నికల్లోనో జరిగిన గొడవలో పేరు చేరి, ఆపై లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిన కేసులు పల్లె యువకుల మీద ఉండటం సాధారణం. "అయిపోయిన కేసే కదా, ఎందుకు రాయడం, లేదని రాసెయ్" అని పెద్దలు చెప్పే సలహా ఎంత మంచి మనసుతో ఇచ్చినా అదే ఉద్యోగాన్ని పోగొట్టే సలహా. పూర్వాపరాలు విచారించే స్పెషల్ బ్రాంచి సిబ్బంది మీ స్టేషన్ రికార్డులు చూస్తారు.

అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2016 జూలైలో ఈ విషయంలో మార్గదర్శకాలు చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయమైతే, దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చు. తీవ్రమైన కేసును దాచితే ఆ దాచడమే తొలగింపుకు కారణం కావచ్చు. నిజం చెప్పినంత మాత్రాన నియామకం హక్కు కాదు గానీ, నిజం చెప్పినవారి పూర్వాపరాలను సావధానంగా తూచాల్సిన బాధ్యత అధికారిపై ఉంటుంది. అభ్యర్థికి తెలియని కేసును, ఫారంలో అడగని విషయాన్ని దాచినట్టు లెక్కించరు. బాల్యంలో జరిగిన నేరాల వల్ల సాధారణంగా అనర్హత కలగదని 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి చేయవలసింది ఇది. మీ మీద కేసు ఉందేమోనన్న అనుమానం ఉంటే ఫారం నింపడానికి ముందే కోర్టు నుంచి ఎఫ్‌ఐఆర్, అభియోగపత్రం, తీర్పుల నకళ్లు తెచ్చుకోండి. కేసు నంబరు, సెక్షన్లు, ఫలితం యథాతథంగా రాసి తీర్పు నకలు జత చేయండి. రాజీతో ముగిసిన కేసునూ రాయాలి.

శిక్షణ, బాండు

కానిస్టేబుల్‌కు సాధారణంగా 9 నెలలు, ఎస్సైకి 12 నెలలు శిక్షణ ఉంటుంది. ఆ కాలంలో మీరు స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీ. అప్పటికింకా పూర్తి స్థాయి ఉద్యోగి కారు. తిరుపతికి దగ్గరలో కల్యాణి డ్యామ్ వద్ద పోలీసు శిక్షణ కళాశాల ఉంది, అయితే మీకు ఏ కేంద్రం కేటాయిస్తారో ఆ శాఖ ఇష్టం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులో ఉన్నందున పాత ఐపీసీ, సీఆర్‌పీసీ పుస్తకాలతో ముందస్తు సన్నద్ధత చేయవద్దు. చేరేముందు బాండు రాయించుకుంటారు. మధ్యలో వదిలిపోతే ఖర్చు తిరిగి కట్టాల్సి వస్తుంది. బాండు మీద సంతకం చేసే తండ్రికో జామీనుదారుకో ఈ షరతు ముందే వివరించండి.

కంట్రోల్ రూమ్‌లో పనిచేయాలనుకునేవారికి

అమెరికా లాంటి దేశాల్లో అత్యవసర కాల్ అందుకుని వాహనాన్ని పంపే డిస్పాచర్ ఉద్యోగానికి విడిగా దరఖాస్తు చేస్తారు. మన జిల్లాల్లో కంట్రోల్ రూమ్ వైర్‌లెస్ సెట్ ముందు కూర్చునేవారు సాధారణంగా పైన చెప్పిన దారిలోనే పోలీసు శాఖలో చేరినవారు. వైర్‌లెస్, సాంకేతిక వ్యవస్థలను చూసే కమ్యూనికేషన్స్ విభాగం వేరు. దాని ఎస్సై పోస్టులకు ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వంటి సాంకేతిక చదువు అడుగుతారు కనుక ఇంజనీరింగ్ చదివినవారు ఆ నోటిఫికేషన్ల కోసం విడిగా కనిపెట్టుకుని ఉండాలి.

అత్యవసర ఫోన్ నంబరు 112 వ్యవస్థ పనితీరు తెలిస్తే ఈ విధి ఏం కోరుతుందో అర్థమవుతుంది. దీని సాఫ్ట్‌వేర్‌ను కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ రూపొందించింది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో మొదలై దేశమంతా విస్తరించింది. రాష్ట్ర కేంద్రంలో కాల్ అందుకునేవారు సంగతి విని, చోటు గుర్తించి, సంఘటనగా నమోదు చేస్తారు. డిస్పాచర్ దాన్ని దగ్గరలోని వాహనానికి కేటాయిస్తాడు. వాహనం చేరిందా, ఏం చేసిందన్నది జిల్లా స్థాయిలో గమనిస్తారు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ నిబంధన ఇప్పుడు సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే ఉంది. "అది మా పరిధి కాదు" అని కాలర్‌ను తిప్పి పంపే అవకాశం డిస్పాచర్‌కు లేదు.

తిరుపతిలో ఈ కుర్చీకి భాషలే పెద్ద అర్హత. తప్పిపోయిన బిడ్డ కోసం తమిళంలో ఏడుస్తూ ఫోన్ చేసే తల్లి, ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగిందని కన్నడంలో చెప్పే డ్రైవరు, రైల్వే స్టేషన్లో దొంగతనం గురించి హిందీలో చెప్పే యాత్రికుడు ఒకే షిఫ్టులో ఎదురుకావచ్చు. చిత్తూరు సరిహద్దు పిల్లలకు ఇంట్లోనే అబ్బే తమిళం, కన్నడం ఇక్కడ నిజంగా అక్కరకు వస్తాయి. స్థానికత లెక్కలో ఇబ్బంది పెట్టిన ఆ సరిహద్దే ఈ పనిలో వారికి బలం. వీటితో పాటు తెలుగు, ఇంగ్లిషు టైపింగ్, కాలర్ చెప్పే అరకొర గుర్తులతో చోటును పోల్చుకునేంతగా వీధులు, మండలాల పరిచయం, అవతలివాళ్లు అరుస్తున్నా అవసరమైన నాలుగు ప్రశ్నలు స్థిమితంగా అడగగల నిగ్రహం కావాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుమల కమాండ్ కంట్రోల్ కేంద్రానికి అదనపు సిబ్బంది అవసరమవుతుంది. ఆసక్తి ఉన్న కొత్త కానిస్టేబుళ్లు తమకు వచ్చిన భాషలు, టైపింగ్ వేగం, కంప్యూటర్ సర్టిఫికెట్ల వివరాలతో స్టేషన్ అధికారి ద్వారా ఎస్పీ కార్యాలయానికి రాతపూర్వకంగా కోరిక తెలియజేయవచ్చు. దాని నకలు ఒకటి తమ దగ్గర తేదీతో సహా ఉంచుకోవాలి.